కుక్కకు, పిల్లికి మత్తు ఇంజెక్షన్: తూకం నుంచి లేచి నడిచేదాకా

"చిన్న మత్తే కదా" అన్న మాట చెవిన పడితే నాకు కాస్త బెరుకుగా ఉంటుంది. పెద్ద ఆపరేషన్ ఉన్న రోజు అందరం జాగ్రత్తగానే ఉంటాం. శ్వాసనాళంలో వేసే గొట్టం, ఆక్సిజన్, నాడి చూసే మనిషి, అన్నీ సిద్ధంగా ఉంటాయి. అదే ఎక్స్‌రే కోసమో, చెవి శుభ్రం చేయడానికో, ఉండకట్టిన బొచ్చు కత్తిరించడానికో అయితే, కండరంలోకి ఒక సూది పొడిచి పక్క గదిలో మరో కేసు చూడటానికి వెళ్లిపోతాం. గుండె వేగం పడిపోవడానికి, నాలుక గొంతుకు అడ్డుపడటానికి పని చిన్నదా పెద్దదా అన్న లెక్క ఉండదు.

బ్రిటన్‌లో 2002-04 మధ్య సుమారు 98 వేల కుక్కలకు, 79 వేల పిల్లులకు ఇచ్చిన అనస్థీషియాను, మత్తును నమోదు చేసి చూశారు. ఆ కారణంగా చనిపోయినవి కుక్కల్లో 601కి ఒకటి, పిల్లుల్లో 419కి ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాటినే లెక్కిస్తే 1849 కుక్కలకు ఒకటి, 895 పిల్లులకు ఒకటి. నన్ను ఆపి ఆలోచింపజేసింది మరో అంకె. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో 60 శాతానికి పైగా, పని పూర్తయి కోలుకుంటున్న దశలో చనిపోయాయి. వాటిలోనూ ఎక్కువ భాగం మొదటి 3 గంటల్లోనే. అంటే "అయిపోయింది" అని మనం చేతులు కడుక్కున్న తర్వాత.

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పశువైద్యులను, వారి పక్కన నిలబడే సహాయకులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. జంతువులను పెంచుకునేవారు చదివినా మంచిదే, డాక్టరును ఏమి అడగాలో తెలుస్తుంది. ఇంట్లో సూది వేయడానికి మాత్రం ఇది పనికిరాదు. మోతాదులన్నీ ఆరోగ్యంగా ఉన్న ఎదిగిన జంతువులకు సాధారణంగా వాడే పరిధులు. మీ చేతిలోని సీసా మీద రాసినదానితో సరిచూసుకోకుండా ఒక్క చుక్క కూడా తీయవద్దు.

మొదటి మెట్టు: ముందు రోజు

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎప్పుడైనా సొమ్మసిల్లి పడిందా? పరుగెత్తితే త్వరగా అలసిపోతోందా, రాత్రిళ్లు దగ్గుతోందా? మూర్ఛ వచ్చిందా? ఇంతకుముందు మత్తు ఇస్తే ఎలా తట్టుకుంది? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు రక్తపరీక్ష కన్నా ఎక్కువ చెబుతుంది. "పోయినసారి రెండు రోజులు లేవలేదండీ" అని యజమాని అంటే, ఆ మందు పేరు, మోతాదు కనుక్కునేదాకా ముందుకు కదలను.

ఎదిగిన జంతువులకు 6 గంటలు ఆహారం ఆపితే సాధారణంగా సరిపోతుంది. నీళ్లు ఆపనక్కర్లేదు. పాలు మరవని కూనలను మాత్రం గంట, రెండు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచకూడదు. వాటి రక్తంలో చక్కెర ఇట్టే పడిపోతుంది.

క్లినిక్‌లో అడుగుపెట్టగానే బుసకొట్టే పిల్లులకు ఇంటి దగ్గరే, బయలుదేరడానికి రెండు గంటల ముందు, నోటి ద్వారా బెరుకు తగ్గించే గబాపెంటిన్ ఇప్పించడం నేను మానుకోలేని అలవాటు. సగటు బరువున్న పిల్లికి 50 నుంచి 100 మి.గ్రా. చాలు. కుక్కలకైతే ట్రాజోడోన్ అదే పని చేస్తుంది. బెదిరిన జంతువుకు ఎంత మత్తు ఇచ్చినా చాలదు. ఒంట్లో అడ్రినలిన్ పొంగుతున్నప్పుడు ఇంజెక్షన్ సగం పనే చేస్తుంది. మనం ఇంకాస్త ఇస్తాం. అడ్రినలిన్ తగ్గాక ఇచ్చిందంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

రెండో మెట్టు: చేతులు, చెవులు, తూకం

బరువు కళ్లతో అంచనా వేయకండి, తూచండి. మూడు కిలోల పిల్లిని నాలుగు కిలోలనుకుంటే మూడో వంతు మోతాదు ఎక్కువ ఇచ్చినట్టే. ఊబకాయం ఉన్న కుక్కకు దాని కొవ్వును కూడా లెక్కలో వేసి మోతాదు కట్టకూడదు, సన్నగా ఉంటే ఎంత తూగేదో ఆ బరువుకు కట్టాలి.

స్టెతస్కోపుతో పూర్తిగా ఒక నిమిషం వినండి. చిగుళ్ల రంగు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తర్వాత ఏఎస్ఏ వర్గం, అంటే జబ్బు తీవ్రతను బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే అంకె, రాసుకోండి. 1, 2 వర్గాలు ఆరోగ్యవంతమైనవి లేదా స్వల్ప జబ్బున్నవి. 3, ఆపైన అయితే కండరంలోకి పొడిచి వదిలేసే పద్ధతి వద్దు. సిరలో కాన్యులా (సన్నని గొట్టం) పెట్టి, ఆక్సిజన్ ఇస్తూ, కొద్దికొద్దిగా మందు ఎక్కించే పద్ధతికి మారాలి. 4, 5 వర్గాలైతే ఆ పని ఈ రోజు తప్పనిసరా అని మళ్లీ అడగండి.

రక్తం తీయాలనుకుంటే మత్తుకు ముందే తీయండి. జైలజిన్ వంటి మత్తుమందులు ఇన్సులిన్‌ను అణచి చక్కెరను పెంచుతాయి, తర్వాత తీసిన రక్తం చూసి లేని మధుమేహం అంటగట్టే ప్రమాదం ఉంది. ఏసిప్రొమజిన్ ప్లీహాన్ని ఉబ్బించి ఎర్రకణాల శాతాన్ని తగ్గించి చూపిస్తుంది.

మూడో మెట్టు: మందుల స్వభావం తెలియడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ప్రమాదాల్లో చాలావరకు మందు చెడ్డదై జరిగినవి కావు, ఎవరికి ఏది అన్నది పొరపడి జరిగినవి.

ఏసిప్రొమజిన్ మందకొడి మనిషి లాంటిది. కండరంలో ఇస్తే అరగంట నుంచి 45 నిమిషాలకు గానీ పూర్తి ప్రభావం కనిపించదు, వచ్చాక 4 నుంచి 6 గంటలు వదలదు. కిలోకు 0.01 నుంచి 0.05 మి.గ్రా. చాలు, ఎంత పెద్ద కుక్కకైనా మొత్తం 3 మి.గ్రా. దాటకూడదు. నొప్పిని ఏమాత్రం తగ్గించదు. రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కాబట్టి రక్తపోటు, ఒంటి వేడి రెండూ పడిపోతాయి. దీనికి విరుగుడు లేదన్నదే అసలు సంగతి. అందుకే రక్తం కోల్పోయినవాటికి, నీరసించినవాటికి, కాలేయం చెడినవాటికి వద్దు. బాక్సర్ జాతి కుక్కలు దీనికి కుప్పకూలే అవకాశం ఉంది. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఎండీఆర్1 జన్యులోపం (మందులను మెదడులోకి చేరకుండా ఆపే జన్యువు చెడటం) ఉంటే మోతాదు సగానికి దగ్గరగా తగ్గించాలి. ఇది మూర్ఛ తెప్పిస్తుందన్న పాత భయానికి మాత్రం గట్టి ఆధారం కనిపించలేదు.

జైలజిన్, మెడెటోమిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్ ఒకే కుటుంబం: ఆల్ఫా-2 మందులు. మత్తు, కొంత నొప్పి నివారణ, కండరాల సడలింపు మూడూ ఇస్తాయి, పైగా విరుగుడు ఉంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుర్ర జంతువులకు నేను ముందు వీటివైపే చూస్తాను. కానీ గుండెకు ఇవి బరువే. ఇచ్చిన వెంటనే రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది, దానికి జవాబుగా గుండె నెమ్మదిస్తుంది. కుక్కకు నిమిషానికి 50 కొట్టుకుంటున్నా రక్తపోటు బాగుంటే కంగారుపడి గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇవ్వకండి. బిగుసుకున్న నాళాల మీదికి గుండెను తరిమినట్టవుతుంది. కవాటం కారుతున్న గుండె, మధుమేహం, పేగులో అడ్డంకి, లోతైన కంటి పుండు ఉంటే ఈ కుటుంబం జోలికి వెళ్లవద్దు. వాంతి తెప్పించడంలో జైలజిన్‌ది పైచేయి, పిల్లుల్లో మరీ ఎక్కువ. మూత్రం కూడా ఎక్కువగా తయారవుతుంది. మూత్రనాళం మూసుకుపోయి వచ్చిన మగపిల్లికి ఇస్తే ఏమవుతుందో ఊహించండి.

బ్యుటార్ఫనాల్ ఒంటరిగా చేసే మత్తు తక్కువే, పక్కన మరొకటి చేరితే రెండింటికీ బలం వస్తుంది. కిలోకు 0.2 నుంచి 0.4 మి.గ్రా. దీన్ని జోడిస్తే ఆల్ఫా-2 మోతాదు బాగా తగ్గించుకోవచ్చు. మిడజోలం ముసలివాటికి, జబ్బుపడినవాటికి నేస్తం. చురుకైన కుర్ర కుక్కకు అదొక్కటే ఇచ్చారో, మత్తు బదులు తిక్క చూస్తారు. డయజిపామ్ కండరంలోకి వద్దు. నొప్పి పెడుతుంది, ఎంత ఒంటపడుతుందో చెప్పలేం, వేరే మందులతో సిరంజిలో కలిపితే విరిగిపోతుంది కూడా.

కెటమిన్‌ను కుక్కకు ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వకూడదు. ఒళ్లు బిగుసుకుని, వణికి, మూర్ఛ దాకా పోవచ్చు. మొండి పిల్లులకు వేరే మందులతో కలిపి కిలోకు 3 నుంచి 5 మి.గ్రా. ఇస్తే అద్భుతంగా పనిచేస్తుంది. పిల్లి శరీరం దీన్ని ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారానే బయటికి పంపుతుంది కాబట్టి అవి చెడిన పిల్లికి మత్తు దిగదు. గుండె కండరం మందమైన పిల్లులకూ వద్దు. కళ్లు తెరిచే ఉంటాయి, రెప్ప వేయవు. ఇంజెక్షన్ పనిచేయగానే కంటి లేపనం రాయడం మరిచిపోతే మర్నాడు పుండుతో వస్తుంది.

నాలుగో మెట్టు: లెక్క కాగితం మీద, గట్టిగా చదువుతూ

నా ఒళ్లు గగుర్పొడిచిన ఒక మధ్యాహ్నం చెబుతాను. పది కిలోల కుక్క, జైలజిన్ కిలోకు 0.5 మి.గ్రా., అంటే 5 మి.గ్రా. మి.లీ.కు 20 మి.గ్రా. ఉండే సీసా నుంచి 0.25 మి.లీ. తీయాలి. రోజూ చేసే లెక్కే కాబట్టి చూడకుండానే సిరంజి నింపాను. సూది మూత పారేయబోతూ వంగితే సీసా కంటపడింది. అది పశువులకు, గుర్రాలకు వాడే 100 మి.గ్రా. సీసా. నా సిరంజిలో ఉన్నది 25 మి.గ్రా., అయిదింతలు. రెండు సీసాలూ ఒకే అరలో ఉన్నాయి. మూత రంగూ ఒకటే. ఆ రోజు నుంచి పెద్ద సీసా వేరే గదిలో తాళం వెనక ఉంటుంది.

లెక్క ఇలా రాయండి. 12.5 కిలోల కుక్కకు డెక్స్‌మెడెటోమిడిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు: మొత్తం 62.5 మైక్రోగ్రాములు. సీసాలో మి.లీ.కు 0.5 మి.గ్రా., అంటే 500 మైక్రోగ్రాములు. భాగిస్తే 0.125 మి.లీ. సిరంజి గీతల మధ్య పడితే కింది గీతకే ఆగండి: 0.12. బ్యుటార్ఫనాల్ కిలోకు 0.2 చొప్పున 2.5 మి.గ్రా. మి.లీ.కు 10 మి.గ్రా. సీసా అయితే 0.25 మి.లీ. ఈ రెండూ ఒకే సిరంజిలో కలపవచ్చు. అదే కాగితం మీద విరుగుడు అటిపమెజోల్ కూడా రాయాలి. మి.లీ.కు 5 మి.గ్రా. ఉండే సీసా నుంచి కుక్కకైతే డెక్స్‌మెడెటోమిడిన్ ఎన్ని మి.లీ. ఇచ్చామో అంతే, పిల్లికి అందులో సగం. ఈ సమాన పరిమాణం సూత్రం 0.5 మి.గ్రా. సీసాకే వర్తిస్తుంది, 0.1 మి.గ్రా. సీసాకు కాదు.

చిన్న మోతాదులకు ఇన్సులిన్ సిరంజి వాడేవారు మరో గోతి చూసుకోవాలి. ఎర్రమూత యూ-40 సిరంజిలో 10వ గీత అంటే 0.25 మి.లీ., నారింజమూత యూ-100లో అదే 10వ గీత 0.1 మి.లీ. "పది గీతలు తీయి" అని నోటిమాటగా చెప్పడం ప్రమాదం. ఎప్పుడూ మి.లీ.లలోనే మాట్లాడండి. మామూలు సిరంజిలో ఒక మందు తీసి సూదితోనే రెండో మందులోకి వెళితే, సూది మొదట్లో మిగిలిన తొలి మందు కూడా లోపలికి చేరుతుంది. రెండు కిలోల పిల్లి విషయంలో ఆ కాస్తే ఎక్కువ. రెండు సిరంజిల్లో విడిగా తీసి కలపడం మేలు.

ఒకరు లెక్క కట్టాలి, మరొకరు సీసా చేతిలో పట్టుకుని మందు పేరు, బలం, పరిమాణం గట్టిగా చదవాలి. రోజుకు ఇరవై సార్లయినా సరే.

అయిదో మెట్టు: సూది, తర్వాత చీకటి

సూది వేయడానికి ముందే విరుగుడు, అడ్రినలిన్, అట్రోపిన్, తగిన సైజు గొట్టం, గొంతు లోపల చూసే లారింగోస్కోపు, ఆక్సిజన్ బల్ల మీద ఉండాలి. అరలో ఉన్నవి లేనట్టే.

నడుము దగ్గర వెన్నెముకకు పక్కనున్న కండరం మంచి చోటు. తొడ ముందు కండరం కూడా సరే. తొడ వెనకవైపు పొడిస్తే తుంటి నరం తగలవచ్చు. బొద్దుగా ఉన్నవాటికి పొట్టి సూది వాడితే మందు కొవ్వులోనే ఉండిపోతుంది, మనమేమో మందు పనిచేయలేదనుకుంటాం.

తర్వాత దీపం తగ్గించి, తలుపు మూసి, ఎవరూ మాట్లాడకుండా 15 నుంచి 20 నిమిషాలు ఆగాలి. ఈ నిశ్శబ్దం ఖర్చులేని మందు. జంతువును కదపకండి, పిలవకండి, కానీ కళ్లు మాత్రం దాని మీదే ఉంచండి. 20 నిమిషాలు కాకముందే రెండో డోసు ఇవ్వవద్దు. అప్పటికీ చాలకపోతే మళ్లీ పూర్తి డోసు కాకుండా మూడో వంతో, సగమో ఇవ్వండి. ఆల్ఫా-2 మత్తులో ఉన్న కుక్క గాఢనిద్రలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక స్టీలు గిన్నె కింద పడితే తల తిప్పి కరవగలదు. నా కుడి బొటనవేలి మీద మచ్చ అలా వచ్చిందే. మూతికి చిక్కం కట్టి ఉంటే మత్తు ఎక్కగానే విప్పాలి, వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి వంటి చప్పిడి ముక్కువాటికి ముందే 3 నుంచి 5 నిమిషాలు ఆక్సిజన్ పట్టండి. మత్తు ఎక్కుతున్న ఆ కొద్ది నిమిషాలే వాటికి గండం. మెడ చాచి, నాలుక ముందుకు లాగి పట్టుకునే మనిషి పక్కనే ఉండాలి.

ఆరో మెట్టు: కాపలా

కాపలా మనిషికి వేరే పని చెప్పకండి. జంతువును పట్టుకోవడం, ఎక్స్‌రే పలక సర్దడం, ఫోను ఎత్తడం ఇంకొకరు చూసుకుంటారు. 5 నిమిషాలకోసారి గుండె వేగం, ఊపిరి, చిగుళ్ల రంగు, ఆక్సిజన్ శాతం కాగితం మీద పడాలి. రాస్తే క్రమంగా దిగుతున్న అంకె కనబడుతుంది. జ్ఞాపకంలో పెట్టుకుంటే కనబడదు.

పల్స్ ఆక్సీమీటర్ 95 శాతానికి పైన చూపాలి. 90 దిగితే అత్యవసరమే. ఆల్ఫా-2 ఇచ్చినప్పుడు నాళాలు బిగుసుకుని నాలుక పాలిపోవడం వల్ల యంత్రం తప్పు అంకె చూపడం మామూలే. క్లిప్పు తీసి, నాలుక తడిచేసి, వేరే చోట పెట్టి చూడండి. కానీ "యంత్రం తప్పు" అనుకునే ముందు ఛాతీ కదులుతోందా అని చూడండి. పై రక్తపోటు 90, సగటు 60 కన్నా దిగకూడదు. ఒంటి వేడి 37 డిగ్రీల కన్నా తగ్గితే వెచ్చబెట్టండి. వేడినీళ్ల సీసా నేరుగా ఒంటికి ఆనిస్తే కాలుతుంది, మత్తులో ఉన్నది పక్కకు జరగలేదు.

ఊపిరి ఆగితే ముందు దారి తెరవాలి: మెడ చాచి, నాలుక లాగి, గొట్టం వేసి, ఆక్సిజన్‌తో ఊపిరి ఇవ్వాలి. ఆ వెంటనే విరుగుడు. ఆల్ఫా-2కి అటిపమెజోల్, మిడజోలంకు ఫ్లుమజెనిల్, బ్యుటార్ఫనాల్‌కు నలాక్సోన్. ఏసిప్రొమజిన్ వల్ల రక్తపోటు కూలితే సెలైన్‌తో నిలబెట్టాలి. గుండె కొట్టుకుంటున్నంతసేపు అలాంటివాటికి అడ్రినలిన్ ఇవ్వవద్దు, పోటు ఇంకా దిగజారవచ్చు. గుండె ఆగిపోతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగేలా నొక్కాలి. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. ఊపిరి నిమిషానికి 10. అడ్రినలిన్ కిలోకు 0.01 మి.గ్రా. సిరలోకి. మి.లీ.కు ఒక మి.గ్రా. ఉండే ఆంప్యూల్ నుంచి పది కిలోలకు 0.1 మి.లీ. బరువుల వారీగా ఈ లెక్కలు కట్టిన పట్టిక గోడకు ఉండాలి. ఆ క్షణంలో భాగహారం ఎవరికీ రాదు.

సిరంజి పట్టిన మనిషికీ ప్రమాదముంది. ఆల్ఫా-2 మందు గుచ్చుకున్నా, కంట్లో చిందినా మనుషులకూ మత్తు, రక్తపోటు మార్పులు వస్తాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, బండి మాత్రం తాము నడపకూడదు. గర్భిణులు ఈ మందులు ముట్టకపోవడం మంచిది.

ఏడో మెట్టు: లేచేదాకా

అటిపమెజోల్ కండరంలోకే ఇవ్వాలి. ప్రాణం మీదికి వస్తే తప్ప సిరలోకి వద్దు. కుక్కకు కెటమిన్ కూడా ఇచ్చి ఉంటే కనీసం 30 నుంచి 40 నిమిషాలు గడిచాకే విరుగుడు ఇవ్వండి. ముందే ఇస్తే మిగిలిన కెటమిన్ ఒంటరిదై కుక్క బిగుసుకుని అరుస్తుంది. విరుగుడుతో పాటు నొప్పి నివారణ కూడా పోతుంది. గాయం కుట్టి ఉంటే వేరే నొప్పి మందు ముందే ఒంటపట్టి ఉండాలి.

లేచింది కదా అని బోనులో పెట్టి తలుపు వేయకండి. జైలజిన్‌కు విరుగుడుగా యోహింబిన్ ఇచ్చినప్పుడు గంట తర్వాత మళ్లీ మత్తులోకి జారడం చూశాను. ఒంటి వేడి మామూలుగా వచ్చి, తనంతట తాను బోర్లా కూర్చుని, తల నిలిపి, మింగగలిగేదాకా పక్కన మనిషి ఉండాలి. చప్పిడి ముక్కువాటి గొట్టం ఎంత ఆలస్యంగా తీస్తే అంత మంచిది. నమిలి కక్కబోయేదాకా ఆగుతాను.

తూలకుండా నడిచాకే ఇంటికి. యజమానికి నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. ఈ రాత్రి మెట్లు, మంచాలు ఎక్కనివ్వవద్దు. వెచ్చగా ఉంచండి. ముందు కాసిని నీళ్లు, నిలబడితే కొంచెం ఆహారం. మూత్రం ఎక్కువగా పోయవచ్చు, భయం లేదు. పిలిస్తే పలకకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి బరువెక్కినా, ఎన్ని గంటలైనా ఫోను చేయండి.

ఇక ఆ రోజు చివరి పని కేసు కాగితం వెనక్కి తిప్పి రాయడం: ఏ మందు, ఎంత, ఎన్ని నిమిషాలకు పడుకుంది, ఎన్నింటికి లేచింది, లేచేటప్పుడు ఎలా ప్రవర్తించింది. ఏడాది తర్వాత అదే పిల్లి పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వచ్చినప్పుడు నేను మొదట వెతికేది ఆ నాలుగు వాక్యాలనే.